సర్వీసు అనే మాట గురించి

ఇంగ్లీషు నుంచి వచ్చి మన దగ్గర స్థిరపడిపోయిన మాటల్లో ‘సర్వీసు’కు ఉన్నన్ని అర్థాలు ఇంకో మాటకు ఉన్నట్టు నాకు తోచదు. సర్కారు ఉద్యోగంలో ఉన్నవాడు ‘సర్వీసులో’ ఉన్నాడు. రిటైరైతే ఎన్నేళ్ల సర్వీసని అడుగుతాం. ఊరికి పోయే బస్సు ఒక సర్వీసు. మోటారు సైకిలు సర్వీసుకు పోతుంది. హోటల్లో దోసె ఆలస్యమైతే సర్వీసు బాగాలేదు. ఇంటికి కరెంటు తీగ లాగితే అదీ సర్వీసే, దానికొక నంబరు. టెన్నిస్ ఆటగాడు బంతిని పైకెగరేసి కొడితే అదీ సర్వీసే.

ఇవి చాలనట్టు మన పాత మాటలు ఉండనే ఉన్నాయి. చాకిరి పారసీ నుంచి వచ్చింది. ఊడిగం మనదే. కొలువు సంగతి మరీ విచిత్రం. రాజు కూర్చున్న సభా కొలువే, ఆ రాజు దగ్గర చేతులు కట్టుకుని చేసే ఉద్యోగమూ కొలువే, గుళ్లో దేవుణ్ణి కొలవడమూ అందులోంచి వచ్చిందే. సేవ అంటే ఇంకో తమాషా. తిరుమలలో ఆర్జిత సేవకు టిక్కెట్టు కొనాలి. అక్కడ సేవ చేసేవాడే డబ్బు కడతాడు, చేయించుకునేవాడు కట్టడు. లోకంలో మరెక్కడా ఈ ఏర్పాటు చెల్లదు. ఇక కూలి. మొదట అది పనికి ఇచ్చే డబ్బు పేరు. తరవాత ఆ డబ్బు తీసుకునే మనిషిని కూడా అదే మాటతో పిలవసాగాం. మనిషికీ అతని జీతానికీ ఒకే పేరు పెట్టుకున్నాం. ముంబయిలో కామాటిపురా అనే పేటకు ఆ పేరు మన కామాటీల వల్ల వచ్చింది. నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు పోయిన తెలుగువాళ్లు వాళ్లు. ఇవాళ ఆ పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది వేరే సంగతి. పని పేరు మనిషికొచ్చింది, మనిషి పేరు పేటకొచ్చింది, పేట పేరు చివరికి అపకీర్తి పాలయింది.

కొంతకాలంగా నన్ను వదలని ప్రశ్న ఒకటి ఉంది. ఒకరి చేత పని చేయించుకుని అనుకున్న డబ్బు అణా పైసలతో చెల్లించేశాక, ఆ ఇద్దరి మధ్య ఇంకేమైనా మిగిలి ఉంటుందా? ఉంటే అదేమిటి? ఒక మంచి పిలుపా, ఒక చూపా, ఇంకేదైనా బాకీయా? లేదంటే డబ్బుతోనే అంతా తీరిపోయిందనుకోవాలా? మా పద్మనగర్‌లో జరిగిన ఒక చిన్న తగవు వల్ల ఈ ప్రశ్న నా మెడకు చుట్టుకుంది. ఆ తగవు సంగతి తరవాత చెబుతాను. ముందు టెన్నిస్ సంగతి.

క్రికెట్ పిచ్చి ముదిరిన ఊళ్లో నేను టెన్నిస్ చూస్తానంటే నవ్వేవాళ్లున్నారు. ఆ ఆటలో సర్వీసు అన్న మాట ఎలా వచ్చిందో చెప్పే కథ ఒకటుంది. పూర్వం రాజభవనాల్లో నాలుగు గోడల మధ్య ఆడే పాత టెన్నిస్‌లో మొదటి బంతిని సేవకుడే వేసేవాడట. ప్రభువులు దాన్ని అందుకుని ఆడుకునేవారట. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి ఒళ్లు బరువెక్కాక బంతి వేయడానికి నౌకర్లుండేవారని కూడా చెబుతారు. నిజమెంతో గాని, కథ మాత్రం బాగుంది. ఎందుకంటే ఇవాళ ఆ ఆటలో సర్వీసు చేసేవాడే ప్రభువు. బంతి అతని చేతిలో ఉంటుంది, ఎప్పుడు ఎటు కొట్టాలో అతని ఇష్టం. మొదటిది తప్పితే రెండోసారి కొట్టుకోనిస్తారు. సర్వీసు అందుకునేవాడే వంగి, కాళ్లు ఆడిస్తూ, ఏమొస్తుందోనని ఎదురుచూడాలి. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ అనే ఇద్దరు ఒకరి సర్వీసును ఒకరు గెలవలేక మూడు రోజుల పాటు 11 గంటల 5 నిమిషాలు ఆడారు. చివరి సెట్టు 70-68. పత్రికలన్నీ ఆహా ఓహో అన్నాయి. మన సాంచాల మీద ఒక పాళీ 12 గంటలు. మనవాళ్లు దాన్ని మూడు రోజులకు పంచుకోరు, ఒక్క రాత్రిలో ముగిస్తారు. ఏ పత్రికా రాయదు.

ఆ కోర్టులోనే అసలు సేవకులు వేరే ఉన్నారు. వలకు రెండు వైపులా మోకాళ్ల మీద కూర్చుని, బంతి పడగానే పరిగెత్తి ఏరుకొచ్చే పిల్లలు. వింబుల్డన్‌లో ఒకప్పుడు అనాథాశ్రమాల నుంచి తెచ్చిన మగపిల్లలు ఈ పని చేసేవారు. ఇప్పుడు చుట్టుపక్కల బడుల పిల్లలు పోటీపడి చేరతారు. ఆటగాడి పేరు లోకమంతా తెలుసు, ఈ పిల్లల పేర్లు ఎవరికీ తెలియవు. 2018లో చైనాలోని షెంజెన్‌లో ఒక పెద్ద ఆటగాడు తువ్వాలు తేవడం ఆలస్యమైందని ఒక పిల్లవాణ్ణి కసిరిన దృశ్యం లోకమంతా చూసింది. చెమటా ముక్కూ తుడుచుకున్న తువ్వాలును పిల్లల చేతికెందుకు ఇవ్వాలి అని అప్పుడు పెద్ద చర్చ జరిగింది. ఆ ఏడాది చివర మిలాన్‌లో జరిగిన యువ ఆటగాళ్ల పోటీలో కోర్టు వెనక తువ్వాళ్లు తగిలించుకునే కొయ్యలు పెట్టారు. ఎవరి తువ్వాలు వాళ్లే తెచ్చుకోవాలి. కొందరు ఆటగాళ్లకు అది నచ్చలేదు. 2020లో కోవిడ్ వచ్చాక మాత్రం నచ్చినా నచ్చకపోయినా తప్పలేదు.

అదే 2020 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఇంకో ముచ్చట జరిగింది. బెన్షెత్రీ అనే ఫ్రెంచి కుర్రవాడు అర్హత పోటీలో ఆడుతూ, విరామంలో తనకు అరటిపండు తెచ్చిన అమ్మాయిని తొక్క తీసిపెట్టమని అడిగాడు. అంపైరు జాన్ బ్లోమ్ ఎత్తు కుర్చీలోంచి అడ్డుపడ్డాడు. ఆ పని ఆమెది కాదు, నువ్వే తీసుకోమన్నాడు. తన చేతులకు క్రీము రాసుకున్నానని ఆ కుర్రవాడు తరవాత చెప్పుకున్నాడు. అయి ఉండవచ్చు. నేను అంపైరు పక్షమే. పండు తెచ్చి ఇవ్వడం ఆటకు సాయం, తొక్క తీయడం మనిషికి ఊడిగం. గీత ఎక్కడుందంటే సరిగ్గా ఆ తొక్క దగ్గరే ఉంది. గమనించండి, ఆ గీతను ఆటగాడూ గీయలేదు, ఆ అమ్మాయీ గీయలేదు. మూడో మనిషి ఎత్తైన కుర్చీలో ఉండబట్టి గీయగలిగాడు. మన బతుకుల్లో ఆ కుర్చీ తరచు ఖాళీ.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. రోజర్ ఫెదరర్ తన ఊరు బాజెల్‌లో చిన్నప్పుడు బంతులందించిన పిల్లవాడే. పెద్దవాడై అక్కడ ఆడినప్పుడల్లా పోటీ ముగిశాక ఆ పిల్లలందరితో కూర్చుని పిజ్జా తినేవాడు. పేరుకోసం చేశాడని గిట్టనివాళ్లు అనవచ్చు. అన్నేళ్లు పేరుకోసమే చేసినా అది అలవాటై మంచే అవుతుందని నా ఉద్దేశం.

ఇక మన ఊరికి రండి. సాంచా మీద నిలబడే మనిషి తనే ఒకరి దగ్గర కూలి. అయినా అతనికీ సేవలందించేవాళ్లున్నారు. కటింగ్ చాయ్ తెచ్చే పిల్లవాడు, కండెలు చుట్టి ఇచ్చే ఆడమనిషి, సాంచా మొరాయిస్తే పానా పట్టుకుని వచ్చే జాబర్, గడ్డం గీసే మంగలి, ఖోలీ ముందు మోరీ తీసే మునిసిపాలిటీ మనిషి, రెండు పూటలా అన్నం పెట్టే బిస్సీ అక్క. బిస్సీ అంటే బయటి పాఠకుల కోసం చెబుతున్నాను: ఊరు వదిలి ఒంటరిగా వచ్చిన పనివాళ్లకు నెలవారీ లెక్కన భోజనం పెట్టే ఇల్లు. 1982 జనవరిలో మొదలైన ముంబయి మిల్లుల సమ్మె తరవాత మిల్లు పని పోయి సాంచాల పని పెరిగిన రోజుల్లో వచ్చిన మనవాళ్లు ఎందరో ఇలాంటి ఇళ్ల అన్నం మీదే బతికారు.

వీళ్లందరినీ మనం ఏమని పిలుస్తున్నాం? చాయ్ తెచ్చేవాడు ఛోటూ. మీసాలొచ్చినా, పిల్లలు పుట్టినా ఛోటూయే. రాత్రి కాపలా కాసే నేపాలీ ఎవరైనా సరే బహాదుర్. అంట్లు తోమే ఆవిడ మావశీ, లేదా బాయి. జిజాబాయి, అహల్యాబాయి, లక్ష్మీబాయి పేర్ల చివర వెలిగిన ‘బాయి’ ఇవాళ ‘మా బాయి రాలేదు’ అనే చోటికి దిగిపోయింది. జాబర్‌ను మాత్రం ఉస్తాద్ అంటాం. అతను రాకపోతే సాంచాలు ఆగిపోతాయి, సేటుకు గంట గంటకూ నష్టం. మోరీ తీసే మనిషి రాకపోతే నష్టం వారం తరవాత గాని తెలియదు, అందుకే అతనికి పేరే లేదు, ‘ఏయ్’ ఒక్కటే. సాంచాల యజమాని అందరికీ సేటే, నాలుగు సాంచాలు అద్దెకు తీసుకుని తనూ రాత్రి పాళీ చేసుకునే మన పద్మశాలి అయినా సరే.

మా మేనల్లుడొకడు ఇండోనేషియాలో, పశ్చిమ జావాలోని పుర్వకర్తాలో ఒక నూలు మిల్లులో పనిచేస్తాడు. ఊరి పేరే చూడండి, మన పూర్వమూ మన కర్తా. సెలవుకు వచ్చినప్పుడల్లా వాడు అక్కడి వీధి భాష నాకు నేర్పిస్తుంటాడు. ఆ దేశానికీ మన నేతకూ పాత చుట్టరికం. 1610లో డచ్చివాళ్లు పులికాట్‌లో కోఠీ పెట్టుకుని, మన తీరపు నేతగాళ్ల బట్ట కొని అక్కడికి తీసుకుపోయి సుగంధ ద్రవ్యాలకు మారకం వేసేవారు. గళ్ల లుంగీని ఇప్పటికీ అక్కడ పులికాట్ పేరు మీదే ‘సారుంగ్ పలెకాట్’ అంటారు. బట్టతో పాటు మాటలూ పోయాయి. కూలి అక్కడ ‘కులి’. ఈ మాట గుజరాత్ కోలీల పేరు నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు, దక్షిణాది కూలి అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండో పక్షం, అది నా స్వార్థం. పత్రికా విలేకరిని వాళ్లు సరదాగా ‘కులి తింతా’ అంటారు, అంటే సిరా కూలీ. ఈ మాట విన్నప్పటి నుంచి చిన్న పత్రికలకు రాసే మా మిత్రులందరినీ నేను ఆ బిరుదుతోనే పిలుస్తున్నాను. మాకు సిరా ఉంది, కూలే లేదు.

వాడు చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చినవి పిలుపులు. హోటల్లో వడ్డించే కుర్రవాణ్ణి ‘మాస్’ అంటారు, జావా భాషలో అన్న అని. అమ్మాయి అయితే ‘ంబా’, అక్క. మోటారు సైకిలు మీద ఎక్కించుకుని పోయే ఓజెక్ అతను ‘బాంగ్’, ఇదీ అన్నే. వయసు మళ్లినవాడు ‘పాక్’, నాన్న. ఆవిడ ‘బూ’, అమ్మ. నువ్వా మీరా అన్న తకరారు లేకుండా అందరికీ సమానంగా సరిపోయే ఒక మాట ఉండాలని 1957లో ‘అందా’ అనే సర్వనామాన్ని తయారుచేసి వాడుకలోకి తెచ్చారు. అది దరఖాస్తు ఫారాల్లో, ప్రకటనల్లో స్థిరపడింది గాని వీధిలోకి అంతగా రాలేదట. వీధిలో మళ్లీ అన్నా, అక్కా. సమానత్వం కోసం చేసిన మాట చల్లగా ఉంది, చుట్టరికపు మాట వెచ్చగా ఉంది. మన నల్లగొండ పల్లెల్లో కూడా అంతే కదా. ‘నువ్వు’ అని పిలిచి పక్కన ‘అన్నా’ తగిలిస్తే గౌరవమూ వచ్చింది, దగ్గరితనమూ వచ్చింది.

అలాగని అక్కడ అంతా అన్నదమ్ములే అనుకోకండి. ఇంటి పనిమనిషిని వాళ్లు ఒకప్పుడు ‘బాబు’ అనేవారు. మన దగ్గర బాబు అంటే దొరబిడ్డ, అక్కడ పనిమనిషి. ఇప్పుడు అది తిట్టు కింద లెక్క, ఇంటి సహాయకురాలు అనాలి. మగ నౌకరు ‘జోంగోస్’. డచ్చిలో కుర్రవాడు అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషు వాడి ‘బాయ్’, మన ఛోటూ, అక్కడి జోంగోస్, అంతా ఒకటే కుట్ర. మనిషిని ఎప్పటికీ పెద్దవాణ్ణి కానివ్వకపోతే జీతం కూడా పెద్దది కానక్కర్లేదు. కుర్రకారు వాడే ‘గబుత్’ అనే మాట ఇంకా సొగసుగా ఉంది. తోచక ఊరికే కూర్చోవడమని దాని అర్థం. అసలు రూపం ‘గాజి బుతా’, గుడ్డి జీతం, అంటే పని లేకుండా వచ్చే పగారు. మనకు దాని ఎదురు మాట తరతరాలుగా తెలుసు: వెట్టి.

ఇక్కడికి వచ్చేసరికి నా ఆలోచన అడ్డం తిరిగింది. అన్నా, అక్కా అని పిలుచుకునే లోకమే మేలనుకుంటూ వస్తున్నవాణ్ణి ఒక పెద్దాయన ఆపాడు. కామత్‌ఘర్ వైపు ఉండే ముసలి నేతగాడు. ఆయన అన్నది దాదాపు ఆయన మాటల్లోనే: ‘మా తాత దొర గడీల పనోళ్లకు బట్టలు నేసి ఇచ్చెటోడు, ఊకెనే. దొర ఎంత మంచిగ పిలిస్తె ఏంది? పైస ఇయ్యకపాయె. నేను ఈడికొచ్చిన్నాడు సేటు మీటర్లు లెక్కగట్టి పైసలు చేతుల వెట్టిండు. నా పేరు గూడ అడగలే. నాకు గదే మర్యాదనిపించింది.’

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆయన తాత కాలం గురించి పుస్తకాల్లోనూ ఉంది. తెలంగాణ పల్లెల్లో వృత్తికులాలన్నీ దొరకు ఏదో ఒకటి ఉచితంగా చేయాల్సి వచ్చేది. సాలెవాళ్ల వంతు దొర ఇంటి పనివాళ్లకు బట్టలు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి కారణాల్లో ఈ వెట్టి ముఖ్యమైనది. ‘నీ బాంచను, కాల్మొక్త’ అన్న మాట ఉంది చూశారూ, అందులో డబ్బు ప్రసక్తి లేనేలేదు, అంతా సంబంధమే. అయ్య, అవ్వ, దొరసాని, బాంచ. సంబంధం నిండుగా ఉంది, కూలి సున్నా. ఆ సంబంధాన్ని తెంపుకోవడానికే మన తాతలు రైలెక్కారు. ‘డబ్బిచ్చాను, పనైపోయింది, నీకూ నాకూ ఏమీ లేదు’ అన్న మాట మనకు ఇవాళ మొరటుగా వినిపిస్తుంది గాని, అది విన్న మొదటి తరానికి ఊపిరాడినట్టుండాలి.

ఇండోనేషియాలోనూ చుట్టరికపు మాటలకు చీకటి ముఖం ఉంది. ముప్పై ఏళ్లకు పైగా పాలించిన సుహార్తోకు ‘బాపాక్ పెంబంగునాన్’ అని బిరుదు, అభివృద్ధికి తండ్రి. తండ్రి అన్నాక బిడ్డలు నోరెత్తకూడదు. ఆయన కాలంలో ‘బురుః’, అంటే శ్రామికుడు, అన్న మాటకు కమ్యూనిస్టు వాసన ఉందని పక్కకు నెట్టి ‘కార్యవాన్’ అనమన్నారు. సంస్కృతంలోంచి తెచ్చిన గంభీరమైన మాట. కార్యం కలవాడు! పేరు పెరిగింది, కూలి పెరగలేదు. 1993 మే నెలలో తూర్పు జావాలో ఒక గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసే మార్సినా అనే యువతిని చంపేశారు. ఆమె, తోటివాళ్లు అడిగింది రోజు కూలిని 1700 రూపియాల నుంచి 2250కి పెంచమని. 2025 నవంబరు 10న ఆ దేశం ఆమెను జాతీయ వీరురాలిగా ప్రకటించింది. అదే రోజు, అదే జాబితాలో సుహార్తో పేరు కూడా ఉంది. దీని మీద నేను వ్యాఖ్య చేయబోవడం లేదు.

ఇప్పుడు తగవు సంగతి. మా వీధిలో బిస్సీ నడిపే ఆవిడ సిద్దిపేట వైపు మనిషి. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో ఇదే ఆధారం. గ్యాసు, బియ్యం, నూనె ధరలు చెప్పి నెల రేటు పెంచుతానంది. దాంతో పాటు ఇంకో షరతు: ఎవరి పళ్లెం వాళ్లు కడిగి బోర్లించి పోవాలి. గిన్నెలు తోమే మనిషిని పెట్టుకోలేను, నా చేతులు రెండే అంది. తినేవాళ్లందరూ మన పిల్లలే, సాంచాల మీద పనిచేసేవాళ్లు, ఇద్దరు ముగ్గురు గోదాముల్లో సామాన్లు సర్దేవాళ్లు. అందరూ ఆమెను అవ్వా అనో అక్కా అనో పిలుస్తారు. పంచాయితీకి నన్ను పిలిచారు, ఏదో రాసేవాణ్ణి గనక న్యాయం కూడా తెలుసని వాళ్ల నమ్మకం.

ఒకడు మొదలుపెట్టాడు: ‘అవ్వ లెక్క చూసుకుంటున్నం. అవ్వ రేటు పెంచుతదా?’ చాలామంది తలలూపారు. ఆవిడ కూరగాయల కత్తిపీట మీంచి లేవకుండానే అంది: ‘మీ అవ్వకు నెలనెల పైసలు పంపుతున్నరా లేదా? నన్ను గూడ అవ్వ అంటిరి. మరి ఆమెకు పంపినంత నాకిస్తరా?’

ఆ మాటకు ఎవరి దగ్గరా సమాధానం లేదు. ముసలి నేతగాడు చెప్పింది నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. చుట్టరికపు పిలుపు ఇచ్చేవాడికి ఖర్చు లేనిది. అందుకే కూలి తగ్గించేటప్పుడు మొట్టమొదట అదే బయటికి వస్తుంది. ‘మనమంతా ఒక కుటుంబం’ అని సేటు అన్న రోజున జేబు తడుముకోవాలని మా కారఖానాల్లో అనుభవమున్నవాళ్లంతా చెబుతారు. అదే అస్త్రాన్ని మనవాళ్లు ఈమె మీద వేశారు, వేస్తున్నామని తెలియకుండానే. కాబట్టి కూలి మొదట, పిలుపు తరవాత. ఈ వరస మాత్రం తిరగబడకూడదని నాకు గట్టిగా తోచింది.

రేటు గురించి అరగంటలో ఒప్పందం కుదిరింది. అసలు గొడవ పళ్లేల దగ్గర వచ్చింది. ‘పెంచిన పైసలూ ఇచ్చి పళ్లెం గూడ మేమే కడగాల్నా? మరి పైసలెందుకు?’ అని ఒక కుర్రవాడు నిజంగానే కోపం తెచ్చుకున్నాడు. డబ్బుకు అంత పట్టు పట్టనివాళ్లు పళ్లెం దగ్గర భీష్మించుకున్నారు. నాకు మిలాన్‌లో తువ్వాలు కొయ్య గుర్తొచ్చింది. వాళ్ల వాదంలో పస లేదని అనను. పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడికి తిన్న పళ్లెం అక్కడే వదిలి వెళ్లడం ఒక్కటే రోజు మొత్తంలో దొరికే దొరతనం. ప్రతివాడూ రోజుకో నిమిషం దొర కావాలనుకుంటాడు. కానీ ఆ నిమిషాలన్నీ కూడితే ఆమెకు రాత్రి పదకొండయ్యేది. ఆమె తన కూలి లెక్కలో అన్నం వేసుకుంది, ఎంగిలి వేసుకోలేదు. అరటిపండు తొక్క లాంటిదే ఇదీ. వంట ఆమె అమ్మిన సేవ. ఎంగిలి ఎత్తడం అమ్మకుండానే మనం తీసుకుంటున్నది. డబ్బిచ్చాక మిగిలే బాకీ ఏదైనా ఉంటే అది ఇలాంటి చోటనే ఉంటుందనుకుంటాను, అమ్మినదానికీ తీసుకున్నదానికీ మధ్య. అది దయ కాదు, దానమూ కాదు. లెక్కలోకి రాని పని ఎంత ఉందో చూసి, ఆ మేరకు మన చేతులు మనం కదిలించడం. పిలుపు కూడా ఆ లెక్కలోదే. పేరు తెలిసీ ఛోటూ అనడం ఆ పిల్లవాడు అమ్మనిదాన్ని తీసుకోవడమే.

ఇప్పుడు కొత్తగా ఇంకో లెక్క వచ్చింది, నక్షత్రాలు. భివండీ చుట్టూ గోదాములు మొలిచాక సామాను ఇంటికి తెచ్చే కుర్రవాళ్లు వీధి వీధిన కనిపిస్తున్నారు. వాళ్లు పోయాక సెల్‌ఫోను అడుగుతుంది, ఎన్ని నక్షత్రాలిస్తారని. టెన్నిస్‌లో సర్వీసు చేసేవాడికి రెండో అవకాశం ఉంది. వీడికి లేదు, గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఒక నక్షత్రమే. ఎత్తు కుర్చీలో కూర్చున్న మనిషి స్థానంలో యంత్రం వచ్చింది. వింబుల్డన్‌లోనూ 2025 నుంచి గీతల దగ్గర నిలబడే మనుషుల్ని తీసేసి కెమెరాలు పెట్టారు. ఆ తొలి ఏడాదే జూలై 6న సెంటర్ కోర్టులో ఒక మనిషి పొరపాటున ఆ యంత్రాన్ని ఆపేశాడు, బయట పడ్డ బంతిని ఎవరూ అవుటనలేదు, పాయింటు మళ్లీ ఆడించారు. మన కుర్రవాళ్ల నక్షత్రాలకు మళ్లీ ఆడించే ఏర్పాటేదీ లేదు.

జకార్తాలో ఇలాంటి కుర్రవాళ్లను ‘ఓజోల్’ అంటారు, ఓజెక్ ఆన్‌లైన్‌కు పొట్టిపేరు. 2010లో ఇరవైమంది ఓజెక్‌లతో మొదలైన గోజెక్ అనే కంపెనీ 2015లో ఫోనులోకి వచ్చాక లక్షలమంది ఆ పనిలో చేరారు. 2025 ఆగస్టు 28న నిరసనల మధ్య ఒక ఓజోల్ యువకుణ్ణి పోలీసుల సాయుధ వాహనం తొక్కేసింది. అతనికి 21 ఏళ్లు. దేశమంతా వీధుల్లోకి వచ్చింది. ఆ రోజుల్లో మలేషియా, థాయిలాండ్, ఫిలిప్పీన్స్ దేశాల నుంచి ముక్కూమొహం తెలియనివాళ్లు తమ ఫోన్లలో జకార్తా హోటళ్లకు భోజనం ఆర్డరిచ్చి, తెచ్చిన ఓజోల్‌నే ఆ భోజనం తినమన్నారు. మా మేనల్లుడు ఇది చెబుతున్నప్పుడు వాడి గొంతు మారింది. వాళ్లు డబ్బూ చెల్లించారు, నక్షత్రాలూ ఇచ్చే ఉంటారు, అయినా దాని మీద ఇంకొకటి చేశారు. సేవ తెచ్చిన చేతిలోనే ఆ సేవను పెట్టారు. ఇది రోజూ చేయగల పని కాదు, ఎవరూ చేయమనరు కూడా. ఆ ముసలి నేతగాడికి ఇది చెబితే ఏమంటాడోనని అడిగి చూశాను. ‘మంచిదే. గని ఆ పిలగాండ్లకు కిలోమీటరుకు ఎంత గడుతున్నరు?’ అన్నాడు.

బిస్సీ సంగతి. పెంచిన రేటు నెల మొదటి వారంలోనే ఇస్తున్నారు, అందులో పేచీ లేదు. పళ్లేలు సగం మంది కడుగుతున్నారు. గోదాముల్లో పనిచేసే పిల్లలు ఎక్కువగా కడుగుతున్నారని ఆవిడే చెప్పింది. కడగనివాళ్ల పళ్లేలను ఆమె ఇప్పుడు తీయడం మానేసింది. ఎవరి పళ్లెం ఏదో గుర్తుపెట్టుకుని, మర్నాడు వాళ్లు వచ్చేసరికి ఉన్నది ఉన్నట్టే ముందర పెడుతుంది. వాళ్లే లేచి కడుక్కొచ్చి కూర్చుంటున్నారు, కొంచెం గొణుక్కుంటూ. ‘ఇంట్ల గూడ కడగకపోదురు బిడ్డా, వీళ్ల పెండ్లాలను తలుసుకుంటెనే బుగులైతది’ అంటుంది ఆవిడ.